మత్తు ఆపి పిలిచే మనిషి

కోయిలకుంట్లలో మందుల దుకాణం నడిపే మిత్రుడొకడు నాకు తరచూ ప్రశ్నలు పంపుతుంటాడు. ఫోనుల్లో తిరిగే ఆరోగ్య సమాచారంలో ఏది నిజమో, ఏది కాదో తేల్చి చెప్పమంటాడు. నేను సూక్ష్మజీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రయోగశాల బాధ్యతలు చూస్తున్నాను. అందుకని ఆ పని నాకు అప్పజెప్పాడు. రాగి చెంబులో నీళ్ల గురించి, పరగడుపున తాగే కషాయాల గురించి నాలుగేసి వాక్యాల జవాబులు రాసి పంపేవాణ్ణి. కిందటి నెల అతడు పంపిన ప్రశ్న ఇది: "మత్తు మందులిస్తే ఒంట్లో తెల్ల కణాలు ఒగదానికొగటి కబురు పంపుకునేది నిలిపేస్తాయంట. నిజమేనా అన్నా?"

అలవాటుగా జవాబు మొదలుపెట్టాను. "కొంతవరకు ఆధారాలున్నాయి, అయితే" అని రాసి ఆగిపోయాను. ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది అతడు కాదు. పద్నాలుగేళ్లు ఒకే ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఒక నర్సు దీన్ని పదే పదే, రకరకాల మాటల్లో అడిగింది. ప్రతిసారీ నేను "అయితే" దగ్గరే ఆగాను. ఆమె చనిపోయి ఏడాదిన్నర దాటింది.

మా ఐసీయూలో ఆమె పెద్ద నర్సు. రోగుల బంధువులు నర్సమ్మ అనేవారు. మేమందరం సిస్టరమ్మ అనేవాళ్లం. సొంత ఊరు ఆళ్లగడ్డ. వారమంతా నంద్యాలలో ఒక అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్లేది. ఆదివారం చర్చి. సోమవారం పొద్దున్నే, తడి ఆరని జడతో, ఐసీయూ తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ కనిపించేది. చేతి గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. ఏ పడక దగ్గరికి వెళ్లినా మొదట మత్తు మందు గొట్టాన్ని బొటనవేలి గోటితో రెండుసార్లు మీటేది. ఆ మీటడం వల్ల ఏమిటి ప్రయోజనమని నేను అడిగాను.

"యామీ లేదు. నేనొచ్చినానని దానికి తెలియల్ల కదా" అంది.

ఆమె దగ్గర ఒక మాట ఎవరూ అనకూడదు. "పేషెంటు నిద్రపోతున్నాడు" అని ఏ కొత్త నర్సయినా అంటే అక్కడికక్కడే పట్టుకునేది. "నిద్ర గాదమ్మా అది. నిద్రైతే పిలిస్తే లేస్తాడు. ఇది మనం ఏసిన మూత. మూత ఏసినోళ్లకు తీసేది గుర్తుండల్ల."

మూత తీసే వేళ తొమ్మిది గంటలు. డాక్టరు రౌండు ముగించి, ఏ పడక కాగితం మీద మత్తు ఆపి చూడవచ్చని రాస్తాడో ఆ పడక దగ్గరికే వెళ్లేది. ఆయన రాయకుండా ఆమె మత్తు ఎక్కించే పంపును ముట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కాని ఆయన రాసేదాకా ఫైలు పట్టుకుని వెనకాలే నడవడం రోజూ చూశాను. "సార్, నాలుగో పడక గురించి మరిచిపోయినట్లుండారు." "మరవలేదు సిస్టర్, రేపు చూద్దాం." "రేపటి గురించి రేపు అడుగుతా సార్. ఈరోజుది అడుగుతాండా." ఆయన నవ్వి రాసేవాడు, లేదా విసుక్కుని రాసేవాడు. రాయకపోవడం మాత్రం అరుదు.

పంపు ఆపిన తర్వాత కనిపెట్టుకుని ఉండాలి. కొందరు అరగంటలో కదులుతారు, మూత్రపిండాలు బాగాలేనివారికి మందు దిగడానికి మధ్యాహ్నమవుతుంది. ఆ వ్యవధిలో ఆమె బయటికి వెళ్లి బంధువులను ఒకే ప్రశ్న అడిగేది: "ఇంట్లో ఏమని పిలుస్తారు?" వాళ్లు చెప్పింది తెల్ల ప్లాస్టరు ముక్క మీద రాసి మంచం తలవైపు అంటించేది. ఫైలులో నాగలక్ష్మీదేవి అని ఉన్నావిడ మంచానికి చిన్నక్క అని, వెంకటసుబ్బయ్య మంచానికి బుడ్డోడు అని ఉండేవి. ఆ బుడ్డోడికి డెబ్బై ఏళ్లుంటాయి.

ఫైలులో ఉన్న పేరు చాలదా అన్నాను.

"ఆధార్ కార్డులో పేరు పెట్టి పిలిస్తే పోలీసోళ్లు వచ్చినారనుకొని ఇంగా లోపలికి పోతారు సార్" అంది.

ఒకసారి శనగల వ్యాపారి ఒకాయన ఐదు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. మత్తు ఆపి గంటన్నర దాటింది, కదలిక లేదు. సిస్టరమ్మ ఆయన భార్యను లోపలికి రప్పించి, పేరు పెట్టి పిలవమంది. ఆవిడ పెళ్లయిన నాటి నుంచి భర్తను పేరు పెట్టి పిలిచినావిడ కాదు. మంచం దగ్గర నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంట్లో అన్నానికి ఎట్ల పిలుస్తావమ్మా?"

"పిలవను సిస్టర్. అన్నం తట్ట చప్పుడు చేస్తా. ఆయనే వస్తాడు."

"తట్ట యాడ తెచ్చేది ఈడ" అని విసుక్కుని, సిస్టరమ్మ తానే వంగి ఆయన ఎడమ చెవి దగ్గర గట్టిగా అంది: "శెట్టిగారూ! కోయిలకుంట్ల నుంచి లారీ వచ్చి నిలబడింది. తూకం కాడ ఎవురూ లేరు. లెయ్యి!"

ఆయన కళ్లు తెరిచాడు. భార్య ఏడ్చింది. చుట్టుపక్కల ఉన్న నర్సులందరూ నవ్వారు. శాంపిల్ కోసం వచ్చి అక్కడే ఉన్న నేను, లారీ వల్లే ఆయన కళ్లు తెరిచాడని చెప్పలేమనీ, మందు దిగే సమయమూ సరిగ్గా అప్పుడే అయి ఉండవచ్చనీ అన్నాను.

"అయితే లారీ ఎల్లిపోయిందని చెప్దామా, మళ్ల పడుకుంటాడేమో చూద్దువు" అంది.

ఆమె ఎప్పుడూ ఎడమ చెవిలోనే పిలిచేది. దానికేదైనా శాస్త్రీయ కారణం ఉందేమోనని కొంతకాలం వెతికాను. చివరికి ఆమెనే అడిగాను. వాళ్ల నాయనకు కుడి చెవి వినపడేది కాదట, చిన్నప్పటి అలవాటట. నా శ్రమ చూసి రెండు రోజులు నవ్వుకుంది. ఐసీయూలో నాకు "తెలీదు సారు" అని పేరు పెట్టింది కూడా ఆమే. నేను లోపలికి వస్తుంటే, "తెలీదు సారు వస్తాండాడు. ఎవురికన్నా ఏమన్నా తెలిసింటే దాచిపెట్టుకోండి" అనేది.

మత్తు గురించిన ఆమె ప్రశ్న ఒక ఉదయం నా గదికి వచ్చింది. వెంటిలేటర్ మీది రోగుల గొంతు గొట్టంలోంచి తీసిన కఫాన్ని పరీక్షకు పంపడం మామూలు. ఆ సీసాలను సాధారణంగా ఆయా చేత పంపేవారు. ఆ రోజు తానే తెచ్చింది. బల్ల మీద పెట్టి, నిలబడే అడిగింది.

"సార్, నేను చూస్తాండా ఎన్నో ఏండ్ల నుంచి. బాగా లోతుగా మత్తులో ఉన్నోళ్లకే ఊపిరితిత్తుల్లో ఈ పురుగు తగులుకుంటాంది. మత్తు మెదడునే పడుకోబెడతాదా, ఒంట్లో కాపలా ఉండేవాటిని గూడా పడుకోబెడతాదా?"

కుర్చీ చూపించాను, కూర్చోలేదు. నాకు తెలిసింది చెప్పాను. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలు తిరుగుతుంటాయి. సూక్ష్మజీవి తగలగానే అవి కొన్ని రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాలే కబురు. దాన్ని అందుకుని రక్తంలోంచి తక్కిన కణాలు సాయానికి వస్తాయి. మేము ఎక్కువగా వాడే మత్తు మందు మెదడు కణాల మీద ఉండే ఒక రకం గ్రాహకాలకు, అంటే రిసెప్టర్లకు, అంటుకుని పనిచేస్తుంది. అయితే ఆ రకం గ్రాహకాలు మెదడులోనే ఉండవు, తెల్ల కణాల మీద కూడా కనిపిస్తాయి. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద అలాంటి మందులు పోస్తే వాటి కబురు తగ్గుతుంది. చదువుకునే రోజుల్లో ఎలుక కణాలతో నేనే చేసి చూశాను. తగ్గింది. కాని పళ్లెంలోని మోతాదు, మనిషి నెత్తురులోని మోతాదు ఒకటి కావు. మందుకూ మందుకూ తేడా ఉంది. పైగా కబురు తగ్గడం ప్రతిసారీ చెడు కాదు. అది మితిమీరినప్పుడు పుట్టే వాపే ఊపిరితిత్తులను ముంచుతుంది.

"ఇంతకూ ఔనంటావా, కాదంటావా?"

"పళ్లెంలో అవును. మనిషిలో తెలియదు."

"మనుషులు పళ్లెంలో పుట్టింటే నీకు శానా బాగుండు" అంది.

ఆమె చూసినదాన్ని కూడా నేను వదిలిపెట్టలేదు. జబ్బు తీవ్రంగా ఉన్నవారికే ఎక్కువ మత్తు ఇస్తారు. మత్తులో దగ్గు పోతుంది, కఫం లోపలే నిలుస్తుంది, వెంటిలేటర్ రోజులు పెరుగుతాయి. ఇన్ని కారణాలుండగా తెల్ల కణాల కబురే కారణమని ఎలా అనగలం? రోజూ మత్తు ఆపి చూడటం మీద ఇతర దేశాల్లో పరీక్షలు జరిగిన మాట నిజమే. కొన్నింట్లో వెంటిలేటర్ రోజులు తగ్గాయి, కొన్నింట్లో తేడా కనబడలేదు. మన దగ్గర తేలాలంటే మనమే పోల్చి చూడాలి అన్నాను.

"ఎట్ల పోలుస్తారు?"

"సగం మందికి మీరు చేస్తున్నట్టే పొద్దున్నే ఆపి పిలవాలి. సగం మందిని పిలవకుండా ఉంచాలి. ఎవరు ఏ సగంలోకి వస్తారో మన చేతిలో ఉండకూడదు. చీటీ తీసినట్టు రావాలి."

ఆమె నా బల్ల మీది సీసాను చేతిలోకి తీసుకుంది. సీసా మూత బిగించి ఉందో లేదో మళ్లీ చూసింది.

"పిలవకుండా వదిలేసేకి ఎవర్ని వదిలేద్దాం సార్? బయటికి రా, ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న ఇంటోళ్లను చూసి నువ్వే చెప్పు" అని వెళ్లిపోయింది.

నేను బయటికి వెళ్లలేదు. అలాంటి పోలిక అవసరమని ఈ రోజుకీ నమ్ముతాను. దాన్ని ఆ బెంచీ ముందు నిలబడి చెప్పగల ధైర్యం ఆ రోజు లేదు, ఇప్పుడూ లేదు.

మహమ్మారి సంవత్సరాల్లో ఆ తొమ్మిది గంటల పిలుపు ఆగింది. పడకలు నిండిపోయాయి. అందరికీ లోతైన మత్తే. మెలకువ వచ్చినవాడు గొట్టం లాక్కుంటాడు, వాణ్ణి పట్టుకోవడానికి మనిషి లేడు. ఆ రోజుల్లో అది తప్పనిసరి. ఆ తర్వాత పడకలు మామూలయ్యాయి కాని అలవాటు మామూలు కాలేదు. పది పడకలకు ఇద్దరు నర్సులు. మత్తులో ఉన్న మనిషి ఏమీ అడగడు. ఆమె ఒక్కతే ఫైలు పట్టుకుని డాక్టరు వెనకాల తిరిగేది. వయసు మీదపడింది, మోకాళ్లు నొప్పి. ఒక రోజు వెనకబడి, పడక మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. డాక్టరు అది గమనించకుండా ముందుకు వెళ్లిపోయాడు. ఆ ఏడే పని మానేసి ఆళ్లగడ్డకు వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత ఆమెను కూతురు మా ఆసుపత్రికే తీసుకొచ్చింది. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా పాకింది. చక్కెర వ్యాధి అప్పటికే ఉంది. నేను వార్డుకు వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. కూతురు మందులకు వెళ్లింది. ఆమె ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ముందుకు వంగి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పక్కనున్న మానిటర్ తెర మీది అంకెలను తానే చదువుకుంటోంది.

"రాప్పా, కూర్చో" అంది. నన్ను సార్ అనకుండా పిలవడం అదే మొదలు. "సాయంత్రానికి గొట్టం ఏస్తారు."

"అంతవరకు రాకపోవచ్చు."

"నాకు చెప్తాండావా?" మాస్కులోనే నవ్వింది. దమ్ము తీసుకోవడానికి ఆగి ఆగి చెప్పింది. "ఏయనీ. మత్తు పెడతారు. పెట్టనీ. ఒగటే మాట. దినామూ పొద్దున ఒగసారి ఆపి పిలవమని చెప్పు. నువ్వు చెప్తే డాక్టరు ఇంటాడు. నా మాట ఇప్పుడు చెల్లదు. పడకలో ఉన్నోళ్ల మాట ఎవురింటారు, నాకు తెలీదా?"

"ఎందుకంత భయం?"

"భయం గాదప్పా. మూత ఏసినోళ్లను ముప్పై ఏండ్లు బయట నిలబడి చూసినా. లోపల్నుంచి ఎట్లుంటాదో తెలీదు. ఎవురన్నా పిలిస్తే తెల్లారిందని తెలుస్తాది. అంతే."

నేను అప్పుడు చెప్పిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మొదటి రెండు రోజులు ఆక్సిజన్ నిలకడగా ఉండదు కనుక మత్తు ఆపడం ప్రమాదం కావచ్చన్నాను. ఆ తర్వాత ఆపినా, దాని వల్ల ఆమె రోగనిరోధక శక్తి నిలబడుతుందని కచ్చితంగా చెప్పే ఆధారం ఇంతవరకు లేదన్నాను. రెండు వాక్యాలూ సరైనవే. మాస్కు లోపల ఆవిరి పట్టి తొలగింది.

"సరేలే. చూస్తావా?"

"చూస్తాను" అన్నాను.

చూస్తాను అనే మాటను మన ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో దేనికి వాడతామో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆమెను ఐసీయూకు మార్చి గొంతులో గొట్టం వేశారు. రెండు రోజులు నేననుకున్నట్టే గడిచాయి. మూడో రోజు ఆక్సిజన్ కుదుటపడింది. డాక్టరు కాగితం మీద, అనుకూలిస్తే మత్తు తగ్గించి చూడమని రాశాడు. తొమ్మిది దాటాక నేను ఐసీయూకు వెళ్లాను. పంపు తిరుగుతూనే ఉంది.

ఆమె చేతికింద పని నేర్చుకున్న ఇద్దరు నర్సులూ అక్కడే ఉన్నారు. సిస్టరమ్మకు తల దువ్వి, నూనె రాసి, రెండు జడలు వేశారు. ముఖానికి పౌడరు అద్దారు. దిండు పక్కన ఎవరిదో ఫోను, అందులో వినీ వినపడనట్టు క్రైస్తవ కీర్తనలు. స్టూళ్లు ఈడ్చవద్దని ఆయాకు చెప్పారట. తక్కిన తొమ్మిది పడకల్లో ఎవరికీ అంత శుభ్రమైన పక్క లేదు.

"మత్తు తగ్గించలేదా?" అన్నాను.

ఇద్దరిలో పెద్దామె పంపు మీద చెయ్యి పెట్టింది, అడ్డం పెట్టినట్టు. "పడుకోనీ సార్. ముప్పై ఏండ్లు అందర్నీ లేపింది. ఆయమ్మ కడుపునిండా పడుకున్నది మేం చూసిందే లేదు. ఇప్పుడన్నా రొన్ని దినాలు పడుకోనీ."

రెండో ఆమె అంది: "లేపితే గొట్టం చూసి భయపడతాది సార్. మా చేతుల్తో ఆయమ్మను కట్టెయ్యాల్నా?"

వాళ్ల కళ్లల్లో నీళ్లున్నాయి. పది పడకలకు వాళ్లిద్దరే. పక్క పడక అలారం మోగుతోంది. ఇంకెవరి విషయంలోనైనా అయితే అది పని తప్పించుకోవడమని అనుకుని ఉండేవాణ్ణి. వీళ్లు చేస్తున్నది పని తప్పించుకోవడం కాదు. తమకున్న దానిలో అన్నిటికంటే మంచిదనుకున్నది వాళ్లు ఆమెకు ఇస్తున్నారు. అది నిద్ర కాదని ఆమే వాళ్లకు ఎన్నోసార్లు చెప్పి ఉంటుంది. ప్రేమ ముందు ఆ పాఠం నిలవలేదు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. "ఆమె పిలవమని అడిగింది" అంటే చాలు, ఆ ఇద్దరూ అక్కడికక్కడే పంపు ఆపేవారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని నా బుద్ధి దాన్ని అలవాటు చొప్పున తనిఖీకి పెట్టింది. ఇంకొక రోజు మత్తులో ఉంచితే హాని జరుగుతుందనడానికి రుజువు ఉందా? లేదు. ఆపితే మేలు జరుగుతుందనడానికి? గట్టిగా లేదు. రుజువు లేకుండా ఇద్దరు నర్సుల పనిలో, ఒక డాక్టరు నిర్ణయంలో వేలు పెట్టడం సబబా? కాదు. ఇంత జరగడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఫైలు మూసి యథాస్థానంలో పెట్టి ప్రయోగశాలకు వెళ్లిపోయాను. ఆనాడు అది నిజాయితీ అనుకున్నాను.

నాలుగో రోజు మరొకసారి వెళ్లాను. ఆమె అలాగే ఉంది. తలుపు దగ్గరి నుంచే తిరిగివచ్చాను.

ఐదో రోజు ఆమె కఫం సీసా నా బల్ల మీదికి వచ్చింది. మరుసటి ఉదయానికి పళ్లెం నిండా ఆసుపత్రుల్లో పుట్టే మొండి సూక్ష్మజీవి, చాలా మందులకు లొంగనిది, తెల్లటి చుక్కలుగా పెరిగింది. సీసా మీది పేరు మూడుసార్లు చదివాను. రిపోర్టు రాసి సంతకం చేశాను. ఏడో రోజు పగలు పదకొండు గంటలకు ఆమె పోయింది.

మత్తు మందు ఆమె తెల్ల కణాల నోరు నొక్కిందని నేను రాయలేను. గొట్టం ఉంది, చక్కెర ఉంది, వయసు ఉంది, అంతకు ముందే పాడైన ఊపిరితిత్తులున్నాయి. వీటిలో ఏది ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. ఆమె మాక్రోఫేజ్‌లు కబురు పంపాయో లేదో కొలిచే పరికరం మా ఆసుపత్రిలో లేదు. ఈ జిల్లాలో ఎక్కడైనా ఉందని కూడా నేను వినలేదు.

ఆ తర్వాత యాజమాన్యానికి ఒక ఉత్తరం రాశాను. రోజూ తొమ్మిదింటికి, డాక్టరు అనుమతితో, మత్తు ఆపి రోగిని పిలవాలని, పిలిచినట్టు ఒక కాగితం మీద గుర్తు పెట్టాలని కోరాను. వెంటనే ఒప్పుకున్నారు. కాగితం అచ్చు వేయించి గోడకు తగిలించారు. రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే, ఆ పూట తేదీ గడిలోనే కాక మర్నాటి గడిలో కూడా టిక్కు పెట్టి ఉంది. నర్సులు ఇప్పటికీ ఇద్దరే. ఎవరినీ ఏమీ అనలేదు.

మిత్రుడి ప్రశ్నకు జవాబు పంపకుండానే, ఆ ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. వెళ్లి ఏం చెప్పాలో నాకు స్పష్టంగా తెలియదు. వాళ్ల ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్లకు ఆనుకుని ఉంది. రాతిని కోసే యంత్రం రొద మధ్య తలుపు తట్టడం ఎవరికీ వినపడలేదు. పక్కింటివాళ్లు పిలిస్తే కూతురు వచ్చింది. బడిలో టీచరు. తల్లి పోలికలు లేవు, గొంతు మాత్రం అదే. అరుగు మీద కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చింది. కిటికీ ఊచల మీద తెల్లటి రాతి పొడి పేరుకుని ఉంది.

కొంతసేపు ఏవో మాటలయ్యాక ఆమే అడిగింది. "ఒగటి అడుగుతా సార్, నిజం చెప్పు. అన్ని దినాలు మత్తులో పెట్టినారు. ఆ మందే అమ్మను తినేసిందా? నర్సులు అంతా మా అమ్మ నేర్పినోళ్లే. వాళ్లను ఏమనేకీ నాకు నోరు రాదు. నాకు తెలియల్ల, అంతే."

పళ్లెంలో ఏం జరుగుతుందో, మనిషిలో ఏది తెలియదో, తల్లికి ఉన్న తక్కిన కారణాలేమిటో వివరంగా చెప్పాను. బడిపిల్లల తల్లిదండ్రులు చెప్పేది వింటున్నట్టు ఓపిగ్గా విన్నది.

"అంటే తెలీదు."

"తెలియదమ్మా."

"సరే." తన గ్లాసులో మిగిలిన టీ తాగేసింది. "గొట్టం ఏసేముందు నేను మందులకు పోయినా. వచ్చేసరికి అమ్మకు మాట్లాడేకి దమ్ము చాల్లేదు. నువ్వొచ్చి పోయినావని వార్డులో చెప్పినారు. నీతో ఏమన్నా చెప్పిందా సార్?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఎవరూ పట్టుకోలేని అబద్ధం అది. అయినా చెప్పాను. రోజూ పొద్దున ఒకసారి మత్తు ఆపి పిలవమందని, ఎవరైనా పిలిస్తే తెల్లారిందని తెలుస్తుందన్నదని, చూస్తానన్నానని, మూడో రోజు మంచం పక్కన నిలబడి కూడా ఆ మాట ఎవరికీ అందించలేదని చెప్పాను.

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలోని ఖాళీ గ్లాసును అరుగు మీద పెట్టి, దాని వైపే చూస్తూ మాట్లాడింది.

"నన్ను దినామూ ఐదు నిమిషాలు లోపలికి ఇడిసినారు సార్. అమ్మ పండుకోనుంది, లేపొద్దమ్మా అన్నారు. నేను చెప్పులు బయటే ఇడిసి, గాజులు గూడా చప్పుడు గాకుండా చేత్తో పట్టుకొని పోయి నిలబడతాంటి. అమ్మా అని గూడా అనలే. అంటే లేస్తాదేమోనని."

"మీకు తెలియదు కదమ్మా."

"తెలీదు. నీకు తెలుసు." కోపం లేకుండానే అంది. పక్క షెడ్డులో యంత్రం ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె తలెత్తి చూసింది. "ఆ ఏడు దినాల్లో ఇంగెవురన్నా పిలిచినారా సార్? ఒక్కసారన్నా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె రెండు గ్లాసులూ తీసుకుని లోపలికి వెళ్లింది. తొట్టి దగ్గర వాటిని కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడగడం అయిపోయిన తర్వాత కూడా నీళ్లు పోస్తూనే ఉంది. నేను చాలాసేపు కూర్చున్నాను. ఆమె బయటికి రాలేదు. లేచి, తలుపు దగ్గరికి వేసి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.